దిక్కుల టీచరమ్మ ఇంట్లో ఎగువ ఎటు?

ఆ ఊరు మొత్తం ఒక కొండ వాలు మీద ఉంది. ఇళ్లు, బడి, పిండిమర, బట్టల కొట్టు, అన్నీ మెట్ల మీద సామాను సర్దినట్టు ఒకదాని కింద ఒకటి. అందుకని ఆ ఊరివాళ్ల నోట కుడి, ఎడమ అనే మాటలు రావు. తూర్పూ పడమరా అసలే రావు. కొండ ఉన్న వైపు ఎగువ, దానికి ఎదురు వైపు దిగువ, అంతే. ఇదేదో వీధుల వరకే అనుకునేరు. వంటింటి అలమరకీ అదే లెక్క, మంచానికీ అదే లెక్క. "నీ దిగువ చెంప మీద మసి అంటింది, తుడుచుకో" అంటే, ఆ ఊరి పిల్ల ముందు కొండ ఎటుందో చూసుకుని, తర్వాత చెంప తుడుచుకుంటుంది.

ఇలాంటి ఊరికి, నేల చాప పరిచినట్టుండే చోటు నుంచి కోడలిగా వచ్చింది మన టీచరమ్మ. అప్పటికి టీచరమ్మ కాదు, ఉత్త కొత్త కోడలే. వాళ్ల నాన్న రైలు గేటు కాపలాదారు. ఇంటి ముందు పట్టాలు ఉత్తరం నుంచి దక్షిణానికి గీత గీసినట్టు పోయేవి. ఉత్తరం బండి పోయిందా, దక్షిణం బండి వచ్చిందా అని వింటూ పెరిగిన పిల్లకి, మాటలతోపాటే దిక్కులూ వచ్చేశాయి. చీకటి గదిలో గిర్రున తిప్పి వదిలినా ఉత్తరం ఎటో వేలు పెట్టి చూపించేది.

అత్తారింట్లో మొదటిసారి టీ పెట్టమన్నారు. అత్తగారు వసారాలోంచే కేకేసింది. "పంచదార ఎగువ డబ్బాలో ఉందే అమ్మాయ్." కొత్త కోడలికి కొండ ఎటో, కిటికీ ఎటో. అలమరలో రెండు డబ్బాలూ అక్కచెల్లెళ్లలా ఒకేలా ఉన్నాయి. చేతికి దగ్గరున్నదాన్ని ఎగువ అనుకుని మూడు చెంచాలు వేసి కలిపింది. మామగారు ఒక గుక్క తాగి, గ్లాసు మెల్లగా కింద పెట్టి, "ఇవాళ నాకు టీ మీద మనసు లేదు" అని లేచి వెళ్లిపోయాడు. పాపం మంచి మనిషి. అత్తగారు మాత్రం ఉప్పు టీని నాలుక మీద తిప్పి చూసి అడిగింది.

"మీ ఊళ్లో ఎగువ ఉండదా?"

"ఉండదు అత్తయ్యా. ఉత్తరం ఉంటుంది."

"దాన్నేం చేసుకుంటారు?"

అత్తాకోడళ్లకి ఆ రోజు మొదలైన వాదం ఏళ్ల తరబడి నడిచింది. చూసేవాళ్లకి అది పోట్లాట. వాళ్లిద్దరికీ కాలక్షేపం. కోడలికి పాప పుడితే ఆ పాపని పెంచింది అత్తగారే. కోడలు టీచరు ట్రైనింగుకి వెళ్తుంటే ఉదయాన్నే డబ్బా కట్టిచ్చిందీ అత్తగారే. "ఉత్తరం వైపు వెళ్తావో ఊర్ధ్వలోకం వెళ్తావో నాకు తెలీదు, డబ్బా మాత్రం ఖాళీగా తిరిగి రావాలి" అనేది.

ట్రైనింగు అయ్యాక ఆ వీధి బడిలోనే ఉద్యోగం వచ్చింది. చిన్న తరగతులకి 'మన ప్రాంతం' పాఠం ఆవిడ చేతిలో పడింది. కొండ, వాలు, లోయ, ఊట, వాగు, సంగమం, మైదానం. తర్వాత మనుషుల సంగతి చెప్పే మాటలు. వృత్తి, వలస, జనసాంద్రత, యాస, అలవాటు. ఇవన్నీ పిల్లలు అర్థాలతో సహా బట్టీ కొట్టి అప్పజెప్పాలని అంతకు ముందున్న మేష్టారి పద్ధతి. ఈవిడ ఆ పద్ధతిని అటకెక్కించింది. పాఠంలో ప్రతి మాటకీ ఊళ్లో ఒక చోటు ఉండాలి, పిల్లలు నడిచి వెళ్లి దాని పక్కన నిలబడాలి. అదీ ఆవిడ పట్టు.

సంగమం అంటే పిండిమర వెనక రెండు కాలువలు కలిసే మూల. అక్కడ ముక్కు మూసుకుని నిలబడ్డ ఏ పిల్లా ఆ మాట ఈ జన్మలో మర్చిపోదు. జనసాంద్రత అంటే, తరగతిలో సగం మందిని ఒకే బల్ల మీద కుక్కి, పక్క బల్ల మీద ఒక్క పిల్లని కూర్చోబెట్టడం. ఇరుక్కున్నవాళ్లని "ఎలా ఉంది?" అని అడిగితే "ఊపిరాడట్లేదు టీచర్" అంటారు, ఒంటరి పిల్లేమో "నాకు భయంగా ఉంది టీచర్" అంటుంది. రెండూ రాసుకోమనేది. యాస కోసం పాలామెనీ, తాళాలు బాగుచేసే ముసలాయన్నీ, బస్సు డ్రైవరునీ తరగతికి పిలిచి, ముగ్గురి చేతా ఒకే వాక్యం చెప్పించింది. వలస పాఠం రోజున తనే బల్ల ముందుకొచ్చి నిలబడి, "నన్ను చూసి రాసుకోండి" అంది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ రాతి గుండె మనిషి. తరగతిలో ఎగువ, దిగువ అనే మాటలు వినబడకూడదు. గది నేల మీద రంగుతో నాలుగు దిక్కులూ రాయించింది. నలుగురిలోకి వెళ్లినప్పుడు దిక్కు తెలియకపోతే దిక్కుమాలినవాళ్లం అవుతామని ఆవిడ వాదన. పిల్లలు పిల్లలే కదా.

"టీచర్, వీడు నా ఎగువకొచ్చి గిల్లుతున్నాడు."

"ఎగువ అనకూడదని చెప్పానా?"

"వీడు నా ఈశాన్యానికొచ్చి గిల్లుతున్నాడు టీచర్."

అలా ఊరంతా కలిసి 'దిక్కుల టీచరమ్మ' అని పేరు పెట్టేసింది. ఇంట్లో అత్తగారు మాత్రం, "నీ దిక్కులు బళ్లో పెట్టి తాళం వేసి రా. చెప్పులతోపాటు ఇంట్లోకి తేకు" అనేది.

ఇన్ని మాటలకి చోటు వెతికిన టీచరమ్మకి ఒక్క మాట మాత్రం లొంగలేదు. జలవిభాజకం. ఎత్తుగా ఉండి, తన మీద పడ్డ నీటిని రెండు వైపులకీ పంచే గట్టు. ఒక పక్క పడిన చినుకు ఒక ఏటికీ, పక్కనే పడిన ఇంకో చినుకు ఇంకో ఏటికీ పోతాయి. అది కొండ నెత్తిన ఉంది. దారి సరిగా లేదు, పిల్లల్ని అంత ఎత్తుకి తీసుకెళ్లడానికి పెద్దలు ఒప్పుకోరు. అందుకని ఆ ఒక్క మాటనీ చిలక పలుకుల్లా చెప్పించి ఊరుకునేది.

"దాన్ని మీరు చూశారా టీచర్?" అని ఈ మధ్యే ఒక పిల్ల అడిగింది.

"లేదు."

"మరి ఉందని ఎలా తెలుసు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో దయ్యాలు కూడా ఉంటాయి కదా టీచర్."

టీచరమ్మ, గంట కొట్టే వేళయిందేమో చూడమని ఆ పిల్లనే పంపించింది.

ఈ ఏళ్లలో కాలమూ ఊరుకోలేదు. మామగారు పోయారు. పాప పెద్దదై నర్సు చదువుకని హాస్టల్లో చేరింది. అత్తగారికి చూపు మందగించింది. కంటి నరం ఎండిపోతోందనీ, ఉన్నదాన్ని కాపాడుకోవడమే తప్ప పోయింది రాదనీ డాక్టరు చెప్పాడు. చివరికి వెలుగూ నీడా తప్ప ఇంకేం తెలియకుండా అయింది. అయినా పెద్దావిడ ఆ ఇంట్లో చేప నీళ్లలో తిరిగినట్టు తిరిగేది. వాలు మీద కట్టిన పాత ఇల్లు, నేల కూడా కాస్త ఒరిగే ఉండేది. కాలు మోపితే చాలు, ఎగువేదో దిగువేదో పాదానికి తెలిసేది. "కళ్లు పోతే పోయాయి, అరికాళ్లున్నాయిగా" అనేది.

ఆ ఏడు వానలకి ఇంటి వెనక రాతి గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. చూడ్డానికొచ్చిన ఇంజనీరు లోపలికి కూడా రాలేదు. బయట నిలబడే "ఖాళీ చేసెయ్యండి" అన్నాడు. టీచరమ్మ భర్త బస్సు డిపోలో మెకానిక్కు. డిపో పక్కన, కొండ కింద చదును నేల మీద ఉద్యోగుల ఇళ్లున్నాయి. అందులో ఒకటి ఇచ్చారు. సామాను లారీలో వెళ్లింది, పెద్దావిడ ముందు సీట్లో కూర్చుని వెళ్లింది.

కొత్తింట్లో కాలు పెట్టి, గది మధ్యలో నిలబడి, అటు పాదం ఇటు పాదం మోపి చూసుకుంది. మొహం వాడిపోయింది.

"ఏమిటే ఇది, ఇల్లా పళ్లెమా?"

"చదునుగా ఉంటే మంచిదే కదా అత్తయ్యా, తట్టుకోరు."

"పళ్లెంలో మెతుక్కి అంచు ఎటుందో ఏం తెలుస్తుందే?"

అన్నట్టే అయింది. మంచం నుంచి వంటింటికి బయల్దేరి గోడకి తగిలేది. స్నానాల గదికని వెళ్లి బీరువా తలుపు తీసేది. మొదటి వారంలోనే గది మధ్య తూలి పడి, మోచెయ్యి కమిలిపోయింది. అదే ఊళ్లో, బట్టల కొట్టు పై అంతస్తుల్లో ఉండే కూతురు, అంటే టీచరమ్మ ఆడపడుచు, పరుగున వచ్చింది. మనిషి చెడ్డది కాదు, తొందర ఎక్కువ.

"వదినా, నువ్వు బడికి వెళ్తావు, అన్నయ్య డిపోకి వెళ్తాడు. అమ్మని ఎవరు చూస్తారు? ఇంకోసారి పడిందంటే నేను తీసుకెళ్లిపోతాను. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. లిఫ్టు కూడా ఉంది."

"లిఫ్టులో ఎగువ ఎటే?" అంది పెద్దావిడ, మోచేతికి మందు రాయించుకుంటూ.

"పైకి."

"అయితే అక్కడ నడవడానికేం లేదన్నమాట. నిలబడి ఊగడమే."

నవ్వులాటగానే అంది గానీ, అది నవ్వులాట కాదు. కూతురింట్లో ఏ లోటూ ఉండదని ఆవిడకి తెలుసు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అన్నీ అందిస్తారు. లేవనివ్వరు. ఆవిడకి కావలసింది లేవడమే. టీచరమ్మకీ సంగతి తెలుసు. పైగా సాయంత్రం బడి నుంచి రాగానే వాదించడానికి ఎదురుగా మనిషి లేని ఇల్లు ఆవిడ ఊహకి అందలేదు. ఇంకోసారి పడకుండా చూడాలి. అంతే, ఆ ఒక్క పని.

తనకి తెలిసిన విద్యతోనే మొదలుపెట్టింది. "అత్తయ్యా, పొద్దున కిటికీ ఎండ చెంపకి తగులుతుందా? అది తూర్పు. తూర్పుకి మొహం పెడితే ఎడమ చేతి వైపు ఉత్తరం. స్నానాల గది ఉత్తరాన ఉంది." పెద్దావిడ బుద్ధిగా విని, తల ఊపి, రెండు పొద్దులు బాగానే నడిచింది. మూడో నాడు సాయంత్రం చెంపకి ఎండ తగిలితే, అదే తూర్పనుకుని, ఎడమ చేతి వైపు నిబ్బరంగా నడుచుకుంటూ గుమ్మం దాటి, పక్కింటి డ్రైవరు భార్య ఆరేసుకున్న దుప్పట్ల మధ్య తేలింది.

"పిన్నిగారూ, ఎటు బయల్దేరారు?"

"ఉత్తరానికి. మా కోడలు పంపించింది."

టీచరమ్మ వచ్చాక పెద్దావిడ తీర్పు చెప్పేసింది. "పొద్దున ఒక చోట, సాయంత్రం ఇంకో చోట ఉండే దిక్కుని నమ్ముకుని స్నానానికి వెళ్లలేనమ్మా నేను."

ఆ తర్వాత ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ చూడలేదు. కానీ ఒక వారం గడిచేసరికి పెద్దావిడ గోడలకి తగలడం మానేసింది. మంచం నుంచి వంటింటికి, అక్కడి నుంచి స్నానాల గదికి, మళ్లీ మంచానికి, తడబాటు లేదు. వంటింటి అలమర కూడా తనే సర్దుకుంది, పంచదార ఎగువకి, ఉప్పు దిగువకి. కొడుకు మురిసిపోయి, "చూశావా, అమ్మకి అలవాటైపోయింది" అన్నాడు. టీచరమ్మకి మాత్రం పంచదార డబ్బా చూస్తే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు.

తెలిసే రోజు వచ్చింది. ఒక పొద్దున పాలామె వచ్చింది. పాత వీధి మనిషి, పెద్దావిడకి ఇష్టురాలు. కబుర్ల కోసం పెద్దావిడ గుమ్మం బయటికి వెళ్లి నిలబడింది. అక్కడే గోడవారగా నీళ్ల బకెట్టు ఉంది.

"పిన్నీ, దిగువకి జరుగు, బకెట్టుంది" అంది పాలామె. ఆమె దృష్టిలో దిగువంటే రోడ్డు వైపు. ఊరందరి లెక్కా అదే, కొండ ఇంటి వెనకుంది కాబట్టి. పెద్దావిడ మాత్రం సరిగ్గా దానికి ఎదురుగా, ఇంటి వైపుకి అడుగేసి, బకెట్టులో కాలు పెట్టి, చతికిలపడింది. పాలామె రెక్క పట్టుకోబట్టి దెబ్బ తగల్లేదు.

"పడలేదు, కూర్చున్నాను" అంది పెద్దావిడ, తడిసిన చీరలోంచి. "ఎవరికీ చెప్పకు."

పాలామె ఎవరికీ చెప్పదు. తరవాత పాలు పొయ్యాల్సిన ఇల్లు ఆడపడుచుదే కాబట్టి ఆవిడకి ఒక్కత్తెకే చెప్పింది. పాలు పొయ్యి మీదికి ఎక్కక ముందే ఫోను మోగింది. ఆదివారం వస్తున్నాననీ, అమ్మ బట్టలు సర్ది ఉంచమనీ.

ఆ సాయంత్రం టీచరమ్మ అత్తగారి పక్కన కూర్చుని అడిగింది. "అత్తయ్యా, కొండ ఎటుంది చెప్పండి." పెద్దావిడ తడుముకోకుండా వీధి గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

"అటు రోడ్డుంది అత్తయ్యా. కొండ మన వెనకుంది."

"నాకు చెప్పొచ్చావు. నీళ్లు అబద్ధం ఆడతాయా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చదును నేల మీద దిక్కు తోచక, పెద్దావిడ ఒక మధ్యాహ్నం గది నేల మీద మగ్గుడు నీళ్లు పోసి, చేత్తో తడుముతూ అవి ఎటు పోతున్నాయో చూసింది. కంటికి చదునే గానీ, కడిగిన నీళ్లు పోవడానికని మేస్త్రి నేలని స్నానాల గది వైపు వెంట్రుకవాసి వాల్చాడు. నీళ్లు ఎటు పోతే అది దిగువ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవిడకి తెలిసిన లెక్క అదొక్కటే. ఆ వాలు పాదాలకి దొరికింది, దానితో ఇల్లంతా దొరికింది. మేస్త్రి వాలు కొండ వాలుకి ఎదురని ఆవిడకేం తెలుసు?

భర్త డిపో నుంచి వచ్చి అంతా విని, "తప్పు నేర్చుకుంది, మళ్లీ మొదటి నుంచి నేర్పించాలి" అన్నాడు.

"ఇంట్లో ఒక్కసారైనా గోడకి తగిలారా ఈ మధ్య?"

"లేదనుకో."

"మరి తప్పెలా అవుతుంది?"

"అయితే మనమే మాట మార్చుకుందామా? నువ్వూ నేనూ సరే, వచ్చే పోయేవాళ్లందరికీ చెప్పగలమా? 'అమ్మా, మా ఇంట్లో కొండ రోడ్డు మీదుంటుంది' అని గుమ్మానికి బోర్డు కట్టమంటావా?"

పెద్దావిడ మంచం మీద అటు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు నటించింది. ఆవిడ నటన ఎప్పుడూ బాగుండదు. గురక ముందే మొదలుపెట్టేస్తుంది.

మర్నాడు బళ్లో పాత పాఠాలు తిరగేయించే రోజు. పిల్లలు మామూలుగా రాగం తీస్తున్నారు. "జలవిభాజకం అనగా రెండు వైపులకూ నీటిని పంచే ఎత్తైన భాగం. దానికి ఒక పక్క ఉన్నవారికి దిగువ ఒక వైపు, మరొక పక్క ఉన్నవారికి దిగువ మరొక వైపు." ఈ రెండో వాక్యం పాత మేష్టారి నాటిది. తన తరగతిలో ఎగువ, దిగువలని నిషేధించిన మనిషి, ఈ ఒక్క చోట వాటిని చెరపడం మర్చిపోయి ఏళ్లుగా చెప్పిస్తోంది. మనసు పెట్టి విని కూడా ఏళ్లయింది. ఆ రోజు విన్నది.

చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. "ఇంకోసారి చెప్పండి" అంది. పిల్లలు ఏదో తప్పు చేశామనుకుని ఇంకా గట్టిగా చెప్పారు.

బడి వదలగానే ఇంటికొచ్చి, సంచి కూడా దించకుండా, మగ్గుతో నీళ్లు తెచ్చి గడప మీద పోసింది. సగం నీళ్లు లోపలికి జారి స్నానాల గది వైపు పాకాయి. సగం బయటికి జారి, రోడ్డు వైపు పోయాయి. గడప మీద మధ్యలో ఒక తడి చార, అంతే. కొండ నెత్తిన ఉందనుకున్నది ఇన్నాళ్లూ చెప్పులు విడిచే చోట ఉంది.

"అత్తయ్యా, ఇలా రండి. చెయ్యి పెట్టండి."

పెద్దావిడ గడప పక్కన చతికిలబడి, ఒక చెయ్యి లోపలి నీళ్ల మీద, ఒక చెయ్యి బయటి నీళ్ల మీద పెట్టింది.

"రెండూ పారుతున్నాయే."

"మీరు చెప్పింది నిజమే. గడప లోపల మీ దిగువ స్నానాల గదే. నీళ్లు అటే పోతున్నాయి. గడప బయట మాత్రం దిగువ రోడ్డు వైపు. పాలామె అన్నదీ నిజమే. లోపలి నుంచి వెళ్తుంటే గడప దాకా ఎగువకి ఎక్కుతారు, గడప దాటగానే దిగువకి దిగుతారు. గడప మీద కాలు పెట్టగానే లెక్క మార్చుకోవాలి."

"మార్చుకోవడానికి అదేమైనా చీరా?"

"చెప్పులు అనుకోండి. లోపల విప్పుతారు, బయట వేసుకుంటారు."

పెద్దావిడకి ఆ మాట నచ్చింది. నచ్చినట్టు చెప్పలేదనుకోండి. "ఇంత తెలివి ఆ రోజు టీ పెట్టినప్పుడు ఏమైంది?" అంది.

ఇక అత్తాకోడళ్లు సాధన మొదలుపెట్టారు. గడప దగ్గరికి రావడం, ఆగడం, కాలితో గడపని తడమడం, బయటికి అడుగు. మొదట్లో లెక్క మార్చడం మర్చిపోయి వెనక్కి తిరిగేది. "చెప్పులు" అని కోడలు లోపల్నుంచి అనేది. "వేసుకున్నాలే" అనేది అత్తగారు, వేసుకోకుండానే.

శనివారం టీచరమ్మ తరగతి మొత్తాన్నీ ఇంటికి నడిపించుకొచ్చింది. పిల్లలు గుమ్మం ముందు అర్ధచంద్రంలా నిలబడ్డారు. గడప పక్కన ముక్కాలి పీట మీద పెద్దావిడ, చేతిలో నీళ్ల మగ్గు, ఇస్త్రీ చీర. కోడలు చెప్పకముందే పాఠం తనే అందుకుంది.

"ఒరేయ్ పిల్లలూ, ఇటు చూడండి. నేను చూడలేను, మీరే చూసి చెప్పాలి." నీళ్లు పోసింది. "ఎటు పోయాయి?"

"అటూ ఇటూ" అన్నారు పిల్లలు.

"అటూ అంటే ఎటు? మీ టీచరు ఊరుకోదు, సరిగ్గా చెప్పండి."

పిల్లలు టీచరమ్మ మొహం వంక చూశారు. ఆవిడ తల ఊపింది. అప్పుడు, దయ్యాల మాట అన్న పిల్లే, నెమ్మదిగా అంది. "లోపలివాళ్ల దిగువకి కొన్ని, బయటివాళ్ల దిగువకి కొన్ని టీచర్." తర్వాత ఒక్కొక్కరూ నీళ్లు పోస్తామని పేచీ. ఇల్లంతా బురద. కాగితం ముక్కలు కూడా వేసి, ఏది ఎటు పోతుందో పందాలు వేసుకున్నారు. పక్కింటి డ్రైవరు భార్య, దుప్పట్లు ముందుగానే తీసి లోపల పెట్టుకుంది.

సోమవారానికి తరగతి నేల మీద నాలుగు దిక్కుల పక్కన, కొండ వైపు ఎగువ, ఎదురు వైపు దిగువ అని ఇంకో రెండు మాటలు చేరాయి. గిల్లేవాడు ఎటునుంచైనా గిల్లుకోవచ్చు, చెప్పడానికి మాటలు మాత్రం రెండు రకాలు ఉండాలంది టీచరమ్మ. కానీ అది సోమవారం సంగతి. ముందు ఆదివారం రావాలి కదా.

ఆదివారం ఆడపడుచు ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. "అమ్మ బట్టలు సర్దారా వదినా?"

"లేదమ్మాయ్. ముందు మీ అమ్మతో మాట్లాడు."

"మాట్లాడ్డానికేముంది, పడింది కదా."

"కూర్చున్నాను" అంది పెద్దావిడ వంటింటి గుమ్మంలోంచి. "బయట బల్ల మీద కూర్చుందాం పద, ఇక్కడ ఉక్కగా ఉంది." అని, కూతురు లేచేలోగానే బయల్దేరింది. కూతురు చెయ్యి పట్టుకోబోతే టీచరమ్మ ఆపింది.

పెద్దావిడ గది దాటి, గడప దగ్గర ఆగింది. పాదంతో తడిమింది. ఆ ఆగడం చాలా పొడుగ్గా అనిపించింది అందరికీ. తర్వాత గడప దాటి, "దిగువకి" అని తనలో తను అనుకుంటూ రోడ్డు వైపు నాలుగడుగులు వేసి, బకెట్టుని తప్పించుకుని, బల్లని చేత్తో తడిమి కూర్చుంది. కూర్చున్నాక, "ఇంకా నిలబడ్డావేమే, బల్ల పెద్దదే" అంది కూతురితో.

ఆడపడుచు పక్కన కూర్చుని, అమ్మ మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కమిలిన మచ్చ పసుపు రంగుకి మారి పోవడానికొచ్చింది. "టీ పెట్టుకొస్తాను" అని లోపలికి వెళ్లింది. కళ్లు తుడుచుకోవడానికే వెళ్లిందని టీచరమ్మకి అర్థమై, వెనక వెళ్లలేదు.

కాసేపటికి వంటింట్లోంచి కేక. "వదినా, పంచదార ఎక్కడ?"

వదిన నోరు తెరిచేలోపు పెద్దావిడ అందుకుంది. "ఎగువ డబ్బా."

ఆడపడుచు ఆ ఊరి పిల్ల, వాలు మీద పుట్టి పెరిగింది. కొండ ఎటుందో చూసుకుంది, ఆ వైపు డబ్బా అందుకుంది, మూడు చెంచాలు వేసి కలిపింది. ట్రేలో పెట్టుకుని తెచ్చి అందరికీ ఇచ్చింది. టీచరమ్మ భర్త ఒక గుక్క తాగి, అచ్చం వాళ్ల నాన్నలాగే గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

పెద్దావిడ మాత్రం నాలుక మీద తిప్పి చూసి, గ్లాసు టీచరమ్మ చేతికిచ్చింది. "నీ ఆడపడుచు గడప దగ్గర చెప్పులు మార్చుకోలేదే. వెళ్లి నువ్వు పెట్టుకురా."

ఆటో ఖాళీగా వెళ్లిపోయింది.